మైక్రాన్‌కు నేను పోసిన చుక్క

మా మనవడు మొట్టమొదట సాధించింది ఒక బోల్టు, దానికి సరిపడే ఒక నట్టు. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది వినేవాళ్ళకి. ఇనుము చెక్కే లేత్ మిషను మీద చెయ్యి వేసినవాణ్ణి అడగండి, అది ఎంత పనో చెబుతాడు. పదిహేనేళ్ళ పిల్లాడు బడి సెలవుల్లో ఆరు వారాలు నిలబడి, పద్దెనిమిది నట్లు పాడుచేసి, పందొమ్మిదోది చేశాడు. బోల్టును నిలువుగా పట్టుకుని దాని కొస మీద నట్టు పెట్టి వదిలేశాడు. మా షాపులో పరీక్ష అదే. నట్టు మధ్యలో బిగుసుకుపోతే పని రాలేదన్నమాట. గలగలా జారిపోతే అసలే రాలేదన్నమాట. తన బరువుకి తానే తిరుగుతూ, మెట్లు దిగే ముసలమ్మలాగ, ఆగకుండా, తొందరపడకుండా దిగాలి. దిగింది. ఆ పని నాకు నాలుగు నెలలకు గానీ పట్టుబడలేదు.

మన పనివాళ్ళ సంఘం ఏడాదికోసారి వేసే పుస్తకంలో ఎవరో ఒక పనిమంతుడి జీవితం ఉంటుంది. ఈసారి నన్ను నా గురించే రాసిమ్మన్నారు. రాసుకోవడానికి నాకు లేకపోలేదు. ఊళ్ళో బడిలో ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. అయినా అంగుళంలో ముప్పై రెండో భాగం, అరవై నాలుగో భాగం నోటితోనే కట్టి చెప్పేవాణ్ణి, పెద్ద చదువుల ఇంజనీర్లు కాగితం వెతుక్కునేలోపు. లేత్ మీద నలభై ఒక్క ఏళ్ళు. ఊరంతటికీ నీళ్ళిచ్చే పంపు షాఫ్టు విరిగి మూడు రోజులు కొళాయిలు ఎండిపోయినప్పుడు, కొత్తది రావడానికి నెల పడుతుందని కంపెనీవాళ్ళు చేతులెత్తేసినప్పుడు, ఇరవై రెండు గంటలు నిలబడి ఇనుప దిమ్మెలోంచి కొత్త షాఫ్టు తీసిచ్చింది నేనే. చీఫ్ ఇంజనీరు స్వయంగా షాపుకొచ్చి నా నూనె చేతిని పట్టుకుని ఊపాడు. ఆయన ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి గోడకు పెట్టాను. ఇరవై మూడు మందికి పని నేర్పాను. అందులో తొమ్మిది మందికి ఇవాళ సొంత షాపులున్నాయి.

ఇవన్నీ వరసగా రాద్దామనే కూర్చున్నాను. కలం మాత్రం వాడి దగ్గరికే పోతోంది. చివరికి వాడికే ఉత్తరం రాశాను, నీ గురించి రాయమంటావా అని. "రాయండి తాతయ్యా. తాగుడు సంగతి రాస్తే రాశారు గానీ, జిల్లా పోటీలో నాకు రెండో బహుమతి వచ్చిన సంగతి మాత్రం మింగెయ్యకండి" అని జవాబిచ్చాడు. మింగను. దాని దగ్గరికీ వస్తాను.

వాడు నా కూతురి కొడుకు. ఇప్పుడు పదిహేడేళ్ళు. అల్లుడు దూరప్రాంతాల లారీ నడుపుతాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మాయి ఆసుపత్రిలో మందుల గదిలో పనిచేస్తుంది. కింద షాపు, పైన మూడు గదుల ఇల్లు. మా ఆవిడ పోయాక అందరం అక్కడే. షాపులో రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక గ్రైండరు, వాటి మీద పనివాళ్ళు. గ్రైండరు దగ్గర ఉండేవాడు మా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు. వాడికి పెళ్ళీ పెటాకులూ లేవు, వెనక గదిలోనే పడక. సాయంత్రం ఆరు కొట్టిందంటే వాడి సీసా వాడిది, ఎవరి జోలికీ పోడు. మనవడికి మైక్రాన్ అని పేరు పెట్టింది వాడే. వెంట్రుకను నిలువునా డెబ్బై పాయలు చేస్తే అందులో ఒక పాయ మైక్రాన్. "మనిషీ అంతే ఉన్నాడు, చూపూ అంతే ఉంది" అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు బడిలో పంతుళ్ళు కూడా హాజరు పిలిచేటప్పుడు పొరపాటున అదే అంటారట.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని పక్కనపెట్టి ఎంత రాసినా అది జీవితచరిత్ర అనిపించుకోదు.

మన పనిలో ఒక ఆనవాయితీ ఉంది, చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. నేర్చుకునేవాడి నట్టు మొదటిసారి సరిగ్గా దిగిన రోజున, నేర్పినవాడు తన చేత్తో ఒక చిన్న గ్లాసు పోసి ఇవ్వాలి. వాడు మిషను ముందు నిలబడి ఒక్క గుక్కలో తాగాలి. ఆ రోజంతా షాపులో చిన్నాపెద్దా అందరూ వాణ్ణి మేస్త్రీ అని పిలవాలి. మా గురువుగారు నాకు పోశారు, అప్పుడు నాకు పందొమ్మిది. నేను ఇరవై మూడు మందికి పోశాను. అందరూ ఇరవై దాటినవాళ్ళే, లేదా దాటబోతున్నవాళ్ళు.

మైక్రాన్ నట్టు దిగింది మధ్యాహ్నం రెండు గంటలప్పుడు. పైన అమ్మాయి లేదు, డ్యూటీలో ఉంది. నేను అరలోంచి సీసా తీశాను. మా బామ్మర్ది గ్రైండరు ఆపేశాడు.

"బావా, వాడు పిల్లాడు. సోడా పొయ్యి, చాలు."

"నీ నోట్లోంచి ఈ మాటా! వినండర్రా, వినండి," అన్నాను నేను.

"నా నోట్లోంచే వస్తోంది కాబట్టి విను. ఇందులో లోతెంతో నాకు తెలిసినంత నీకు తెలీదు."

"నట్టు చెయ్యడానికి పెద్దవాడు, గ్లాసు పట్టడానికి పిల్లాడా? పద్దెనిమిది పాడుచేసినప్పుడు నాకు చెప్పావా, వాడు పిల్లాడు, ఇంటికి పంపమని?"

నేను పోశాను. నాకున్న గర్వంలో, ఇరవై మూడు మందికి పోసినంత కాదు, ఒక వేలు ఎక్కువే పోశాను. పిల్లాడు తాగి దగ్గాడు, కళ్ళంట నీళ్ళొచ్చాయి, అందరం నవ్వాం. వాడూ నవ్వి, "తాతయ్యా, కడుపులో ఎవరో బల్బు వేసినట్టుంది" అన్నాడు. "మేస్త్రీగారూ, కూర్చోండి", "మేస్త్రీగారూ, టీ తాగుతారా" అంటూ సాయంత్రం దాకా షాపు షాపంతా వాడి చుట్టూ తిరిగింది. వాడి మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మర్నాడు యథాప్రకారం "ఒరే, చీపురు తీసుకో" అన్నాం.

ఏడాది గడిచింది. ఒకరోజు పెద్ద లేత్ మీద తెల్లనీళ్ళు సరిగ్గా రావడం లేదు. టూలు కాలిపోకుండా ఇనుము మీద పడుతూ ఉండే సబ్బునీళ్ళను మేం తెల్లనీళ్ళు అంటాం, అవి మిషను కింద తొట్టిలో ఉంటాయి, పాలలాగ ఉంటాయి, లోపల ఏముందో కనబడదు. పంపుకి ఏదో అడ్డం పడిందని తొట్టిలో చెయ్యి పెట్టాను. సన్నటి తీగకు కట్టిన సీసా చేతికి తగిలింది. సగం ఉంది.

తీగ ముడి చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. అంత చక్కటి ముడి మా షాపులో ఇంకెవరూ వెయ్యరు.

నేను చెయ్యవలసింది అప్పుడే చెయ్యాలి. చెయ్యలేదు. జిల్లా పోటీ పది రోజుల్లో ఉంది. వాణ్ణి కదిపితే చెయ్యి వణుకుతుందేమో, పోటీ అవనీ అనుకున్నాను. సీసాను ఎక్కడిది అక్కడే పెట్టాను. ముడి కూడా వాడు వేసినట్టే వెయ్యడానికి ప్రయత్నించాను, రాలేదు.

పోటీలో మూడు గంటల్లో ఒక కోసుగా ఉండే పిన్ను, అది కూర్చునే గుండ్రటి బుష్షు చెయ్యమన్నారు. కొత్త మిషన్ల మీద నేర్చుకున్న శిక్షణ కేంద్రం పిల్లలు ముప్పై మంది, మా తాతలనాటి లేత్ మీద నేర్చుకున్న మావాడు ఒక్కడు. మొదటి బహుమతి కంటే నాలుగు మార్కులు తక్కువ. రెండోది మావాడిదే. సర్టిఫికెట్టును నా ప్రశంసాపత్రం పక్కనే కట్టించి పెట్టాను. ఆ రోజు వాడి చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. చెయ్యి వణకనప్పుడు ఇంకేం భయం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లేత్ మీద నలభై ఏళ్ళు గడిపినవాడికి చెయ్యి తప్ప మనిషిలో ఇంకేదీ కనబడదు కాబోలు.

చలికాలం మొదట్లో బడినుంచి అమ్మాయికి కబురొచ్చింది. పరీక్ష రాస్తూ బల్ల మీదే వాంతి చేసుకున్నాడట, వాసన వచ్చిందట. అమ్మాయినీ వాణ్ణీ హెడ్మాస్టరు గంటసేపు నిలబెట్టి మాట్లాడాడట. అమ్మాయి ఇంటికి కూడా ఎక్కకుండా నేరుగా షాపులోకి వచ్చింది. భుజాన ఆసుపత్రి బ్యాగు అలాగే ఉంది. వెనక పిల్లాడు తలవంచుకుని.

"వీడికి ఇది ఎవరు అలవాటు చేశారు?"

మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. గ్రైండరు మాత్రం ఇంకా తిరుగుతోంది.

"మామయ్యా, నిన్నే. నువ్వేనా?"

మా బామ్మర్ది తలెత్తి దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను చేతిలో ఉన్న కొలిచే మైక్రోమీటరు తుడుస్తున్నాను. అది శుభ్రంగానే ఉంది. ఒక్క మాట, 'నేనమ్మా' అంటే అయిపోయేది. ఇరవై మూడు మందికి పాఠాలు చెప్పిన నోరు పెగల్లేదు.

మా బామ్మర్ది గ్రైండరు ఆపి చేతులు దులుపుకున్నాడు. "తిట్టమ్మా తిట్టు. అలవాటైన వీపే" అన్నాడు.

తిట్టింది. ఇక్కడ రాయలేనన్ని తిట్టింది. ఇక పైమెట్టు ఎక్కొద్దంది, మా ఇంటి ముద్ద ముట్టొద్దంది. ఆ రోజునుంచి ఏడు నెలలు మా బామ్మర్ది షాపు గడప మీద కూర్చుని హోటలు పొట్లం విప్పుకుని తిన్నాడు. పిల్లాడు అంతా చూస్తున్నాడు. వాడికి నిజం తెలుసు. ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. దాంతో వాడి ముందు నా నోటికి తాళం పడింది, ఇంకెవరూ తియ్యలేని తాళం.

అయినా నేను ఊరుకునే రకం కాదు. ప్రతి ఆదివారం పొద్దున్నే వాణ్ణి వెనక బెంచీ మీద కూర్చోబెట్టి మొదలుపెట్టేవాణ్ణి.

"నీ వయసుకి నేను..."

"పంపు షాఫ్టు తీశారు."

"అది తర్వాతరా. నీ వయసుకి నేను రోజుకు పన్నెండు గంటలు..."

"ఇరవై రెండు కదా తాతయ్యా? పోయిన వారం ఇరవై రెండే అన్నారు."

"అది షాఫ్టుకిరా వెధవా! ఇది మామూలు రోజుల్లో."

"మామూలు రోజుల సంగతి ఎప్పుడూ చెప్పలేదే. చెప్పండి, కొత్తగా ఉంది," అని గడ్డం కింద చెయ్యి పెట్టుకునేవాడు.

నవ్వొచ్చేది నాకు. వాడూ నవ్వేవాడు. నవ్వుతూనే లేచి వెళ్ళేవాడు. సాయంత్రానికి వాడి మాట ముద్దముద్దగా వచ్చేది.

మా బామ్మర్ది కూడా తన వంతు చెప్పి చూశాడు. "నన్ను చూడరా. తాగి తాగి నేనేం బాగుపడ్డాను? పెళ్ళామా, ఇల్లా, పళ్ళా?" అంటూ నోరు తెరిచి చూపించాడు, ముందువి మూడు లేవు. "మిమ్మల్ని చూసినంతసేపూ తాగాలనిపించదు చిన్నతాతా. మీరు అటు వెళ్ళాకే అనిపిస్తుంది," అన్నాడు మనవడు. "అయితే ఇక్కడే కూర్చుంటానుండు" అని మా బామ్మర్ది నిజంగానే ఆ సాయంత్రం వాడి పక్కనే కూర్చున్నాడు, తన సీసా కూడా ముట్టుకోకుండా. ఎనిమిదింటికి చేతులు వణికి, చెమటలు పట్టి, లేచి వెళ్ళక తప్పలేదు. అది పిల్లాడు చూశాడు. చూసి భయపడ్డాడు కూడా. భయం మూడు రోజులు నిలిచింది.

నా తలమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాను. పదకొండు రోజులు ఆగాడు. ఆ పదకొండు రోజులూ నేను నిద్రలేచి వాడి మొహం చూసి పండగ చేసుకున్నాను. పన్నెండో రోజు తెల్లనీళ్ళ తొట్టిలో మళ్ళీ తీగ. నేను శనివారాలు రెండు వేళ్ళు తాగే అలవాటు, ముప్పై ఏళ్ళుగా ఒక్క చుక్క అటూ ఇటూ కానిది, అది మానేశాను. మానేసి వాడికి చెప్పాను. "మంచి పని చేశారు తాతయ్యా, మీకు రక్తపోటు కూడా ఉంది కదా," అన్నాడు, నిజంగా సంతోషించి. నేను మానింది వాడి కోసమని వాడికి తట్టనే లేదు. సీసాలు పారబోశాను, కొత్తవి వచ్చాయి. అరలకు తాళాలు వేశాను. తాళం తియ్యడం నేర్పిందీ నేనే మరి, వాడికి పన్నెండేళ్ళప్పుడు, చిన్నతాత సైకిల్ తాళంతో.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, టీ తాగుతూ, వాడే మొదలుపెట్టాడు. ఆ రోజు తాగి లేడు.

"తాతయ్యా, మీరు పోశారని మీకు బాధ. తెలుసు నాకు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"నాకు మీరు పోసిన దానికంటే, ఆ రోజు అందరూ మేస్త్రీ అన్నారు చూడండి, అది నచ్చింది. మర్నాడు మళ్ళీ చీపురిచ్చారు. తాగితే ఆ రోజు మళ్ళీ వచ్చినట్టుంటుందని తాగేవాణ్ణి మొదట్లో."

"మొదట్లో అంటే? మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అదేం లేదు. మేస్త్రీ లేడు, ఏమీ లేదు. ఊరికే కావాలి. దాహం వేసినట్టు."

"మేమందరం రేపటినుంచి నిన్ను మేస్త్రీ అనే పిలుస్తాంరా. నాకు చేతకాని పనులు కూడా నీకే ఇస్తాను. పెద్ద లేత్ నీకే ఇస్తాను."

"ఇప్పుడు పిలిచినా లాభం లేదు తాతయ్యా," అన్నాడు. నా చేతిమీద చెయ్యి వేసి, ముసలాణ్ణి ఓదార్చినట్టు తట్టాడు.

గోడమీద నా అద్దం, వాడి అద్దం పక్కపక్కన ఉన్నాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను.

జూన్ నెల వచ్చింది. వాడికి సెలవులు. పొద్దున పదకొండు గంటలు. లేత్ మీద ఇనుప ముక్కను పట్టుకునే గుండ్రటి పట్టును చక్ అంటారు. దాన్ని బిగించే తాళంచెవి అరచెయ్యంత పొడుగు, అరకిలో బరువు. బిగించగానే దాన్ని తీసేయాలి. తియ్యకుండా స్విచ్ వేస్తే అది తుపాకి గుండే. పని నేర్చుకోను వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజు నేను చెప్పే మొదటి మాట ఇదే, తాళం చేతిలో ఉండాలి, లేకపోతే గోడమేకుకి ఉండాలి, మూడో చోటు లేదు. మైక్రాన్ రెండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు తప్పాడు. పొద్దున్నే తాగి ఉన్నాడు, నాకు తెలియలేదు.

శబ్దం వినబడింది. చూసేసరికి మా బామ్మర్ది గ్రైండరు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. తాళం వాడి భుజం ఎముక విరగ్గొట్టి, గోడకు తగిలి కింద పడింది. ఇంకో జానెడు పైకి తగిలితే తల.

పిల్లాడు స్విచ్ ఆపి, అక్కడే కొయ్యబారిపోయి నిలబడ్డాడు. మా బామ్మర్ది నొప్పికి పళ్ళు బిగబట్టి, "బావా, ఇన్నాళ్ళకు నన్ను ఎవరో పనిగట్టుకుని పట్టించుకున్నారు," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టేదాకా పిల్లాడు బయట గోడకు వీపు ఆన్చి నేలమీద కూర్చున్నాడు. అమ్మాయి మందుల గదినుంచి పరుగెత్తుకొచ్చింది. దాన్ని చూడగానే వాడు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నన్ను ఎక్కడికైనా పంపించు. తాతయ్య చెప్తే ఆగడం లేదు. నేను ఒట్టేసుకున్నా ఆగడం లేదు."

తాగుడు మాన్పించే ఆసుపత్రి మా ఊరికి బస్సులో మూడు గంటలు. అమ్మాయి అల్లుడికి ఫోన్లో చెప్పింది, అతను రాలేని దూరంలో ఉన్నాడు. జూన్ పదహారున మేం ముగ్గురం వెళ్ళాం. తొంభై రోజులు ఉంచుకుంటామన్నారు. మొదటి నెల చూడ్డానికి రాకూడదు, ఉత్తరాలు రాయొచ్చు. చిన్న గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కిటికీ, ఫ్యాను లేదు. బల్ల అవతల కళ్ళద్దాల మేడం ఒక నీలం కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. వయసు, చదువు, నిద్ర, ఆకలి. పిల్లాడు బుద్ధిగా చెబుతున్నాడు.

"మొదటిసారి ఎప్పుడు తాగావు బాబూ?"

"పదిహేనేళ్ళప్పుడు."

"ఎవరిచ్చారు?"

వాడు నా వైపు చూడలేదు. "స్నేహితులు, మేడం."

మేడం కలం కాగితం మీదికి వంగింది. నా పక్కన మా అమ్మాయి ఉంది. ఆ ప్రశ్నకు దాని మనసులో ఇంకో జవాబు ఉంది, ఏడు నెలల కిందటే రాసిపెట్టుకున్నది. ఆ కలం దించేలోపు నేను మాట్లాడకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడనని నాకు తెలిసింది.

"అలా రాయకండమ్మా. ఇచ్చింది నేను. వాడి తాతని. నా చేత్తో పోశాను."

మేడం తలెత్తింది. ఆమె మొహంలో ఆశ్చర్యమేమీ కనబడలేదు, ఇలాంటివి ఎన్ని విందో. "సరే తాతగారూ," అని రాసుకుంది. పిల్లాడు మాత్రం నన్ను తేరిపార చూశాడు. ఆ చూపులో ఏముందో నేను ఇక్కడ గొప్పగా రాసుకోను, నాకు అర్థం కాలేదు.

అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మామయ్య కాదా?"

"కాదమ్మా. వద్దన్నది వాడొక్కడే."

వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా అమ్మాయి రెండు వరసలు ముందు కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం కంచం పట్టుకుని మెట్లు దిగి గడప దగ్గర నిలబడింది.

"మామయ్యా, పైకి రా."

"ఇక్కడ బాగానే ఉందిలేమ్మా, గాలి వస్తోంది."

"రమ్మంటున్నానా!"

"వస్తాను, వస్తాను. అరవకు. విరిగింది భుజం, కాళ్ళు కాదు," అని లేచాడు. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి నన్ను చూసి, "బావా, నువ్వు ఆ పొట్లం తినెయ్యి, పారెయ్యకు" అన్నాడు. తిన్నాను.

అమ్మాయి నాకు ఇప్పుడు వేళకు అన్నీ పెడుతుంది. మాట్లాడదు. నేను అడగను.

ఆ మేడంను నేను ఆసుపత్రినుంచి వచ్చేముందు అడిగాను, వాడు తిరిగొచ్చాక నేనేం చెప్పాలి అని. "ఏమీ చెప్పకండి. షాపులో, ఇంట్లో చుక్క లేకుండా చూడండి. పక్కన కూర్చోండి," అంది. ఏమీ చెప్పకుండా కూర్చోవడం నాకు చేతకాని పని. ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలి. "పూర్తిగా మానేస్తాడా అమ్మా?" అన్నాను. "కొందరు మొదటిసారే మానేస్తారు. కొందరు రెండోసారి, మూడోసారి వస్తారు. వచ్చిన రోజున ఎవరు ఎలాంటివాళ్ళో మాకూ తెలీదు," అంది. షాఫ్టు అయితే మైక్రోమీటరు పెట్టి చెప్పేవాణ్ణి.

షాపులో చుక్క లేకుండా చూడమంది. మా బామ్మర్ది భుజం నయమయ్యేదాకా పని లేక వెనక గదిలోనే ఉన్నాడు, తన సీసా తనది. వెనక గది ఖాళీ చేయమని వాణ్ణి ఏ మొహం పెట్టుకుని అడగను? వాడే అన్నాడు, "వాడొచ్చే వారం ముందు నేను ఎటైనా పోతానులే బావా" అని. ఎటు పోతాడు? ఎవరున్నారు వాడికి?

పోయిన నెల సంఘం సమావేశంలో లేచి చెప్పాను, ఈ మొదటి చుక్క ఆనవాయితీ మానేద్దామని. నవ్వారు. "మేస్త్రీగారికి ముసలితనం వచ్చింది" అన్నారు. నేను నేర్పినవాడే ఒకడు, సొంత షాపున్నవాడు, "మీరు పోసింది తాగే కదండీ మేం ఇంతవాళ్ళమయ్యాం" అన్నాడు. ఇంటికొచ్చి వేళ్ళు మడిచాను. ఇరవై మూడు మందిలో నలుగురు లివరు చెడి చనిపోయారు. ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు. తొమ్మిది షాపుల లెక్క చెప్పుకున్నన్నాళ్ళూ ఈ లెక్క నేనెప్పుడూ కట్టలేదు. ఇప్పుడు ఈ పుస్తకం చదివే మేస్త్రీలందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. పోయకండి. కావాలంటే మేస్త్రీ అని పిలవండి, మర్నాడు కూడా పిలవండి. నా మాట వింటారని గట్టి నమ్మకమేమీ లేదు. చెప్పడం వరకే నాది.

నెల నిండిన రోజున వెళ్ళి చూసొచ్చాను. కాస్త ఒళ్ళు చేశాడు. జుట్టు పొట్టిగా కత్తిరించారు, చెవులు పెద్దగా కనిపించాయి. చూడగానే మొదటి మాట, "చిన్నతాత భుజం ఎలా ఉంది?" రెండో మాట, "ఇక్కడ మా వార్డు తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు తాతయ్యా, రెండు మిల్లీమీటర్లు కిందికి ఉంది. చెప్తే ఎవరూ వినరు. వచ్చేసారి ఆకురాయి తెస్తారా?" ఆకురాయి లోపలికి రానివ్వరని చెప్పాను. చేతులు చూశాను. వేళ్ళ కొసలు ఇంకా కొద్దిగా వణుకుతున్నాయి. వాడు నా చూపు పసిగట్టి చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

అడగొద్దనుకున్నదే నోరు జారి అడిగేశాను. "మానేస్తావురా?"

"తెలీదు తాతయ్యా," అన్నాడు. "ఇవాళ తాగలేదు."

ఇంకేం అనలేదు నేను. పంపు షాఫ్టు సంగతి కూడా ఎత్తలేదు. గంట కొట్టేదాకా పక్కన కూర్చున్నాను. వాడు మధ్యలో ఒకసారి, "ఏంటి తాతయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

ఇది రాసేనాటికి వాడు వెళ్ళి యాభై మూడు రోజులు. అల్లుడు సెలవు పెట్టుకున్నాడు, అమ్మాయి డ్యూటీ మార్చుకుంది. పొద్దున ఎనిమిది గంటల బస్సులో వెళ్ళి తీసుకురావాలని అనుకున్నారు. నన్ను కూడా రమ్మంటారో లేదో ఇంకా చెప్పలేదు. వాడు తిరిగొచ్చేది సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం.